ఆగిన కాలంలో నడిచిన బస్ ఆంటీ

మా బస్ ఆంటీ పోయింది.

గత ఆదివారం మధ్యాహ్నం, దోహాలోని అల్ సద్‌లో నేను పనిచేసే క్లినిక్‌లో అన్నం డబ్బా తెరుస్తుంటే అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆంటీ సెలవు మీద నరసాపురం పక్కన తన ఊరికి వెళ్ళిందట. పగటిపూట అరుగు మీద కూర్చుని లేసు అల్లుకుంటూ పక్కనే ఉన్న కూతురి భుజం మీదికి ఒరిగిపోయిందట. "నొప్పి తెలిసి ఉండదులే" అంది అమ్మ. అమ్మ నర్సు. నాన్న పోయినప్పుడు కూడా నాతో ఇదే మాట అంది. నేను డబ్బా మూత పెట్టేసి, రక్తం శాంపిళ్ళు అందుకునే కిటికీ దగ్గరికి వెళ్ళాను. చేతులు పని చేస్తూనే ఉన్నాయి, కళ్ళు కారుతూనే ఉన్నాయి. ఎదుట నిలబడ్డ ఫిలిపీన్స్ ఆవిడ తన సంచిలోంచి టిష్యూ తీసి నాకే ఇచ్చింది.

ఇక్కడి స్కూలు బస్సులు ఎక్కనివాళ్ళకు బస్ ఆంటీ అంటే ఎవరో చెప్పాలి. బండి నడపడం వరకే డ్రైవరు పని. పిల్లల్ని ఎక్కించుకోవడం, బెల్టులు పెట్టడం, కొట్లాటలు విడదీయడం, వాంతులు కడగడం, లెక్క చూసుకుని దించడం, ఇవన్నీ ఆంటీ డ్యూటీ. మా ఆంటీ మొదట దోహాలో ఒక ఇంట్లో పనికి వచ్చింది. ఆ ఇంటి పిల్లలు పెద్దవాళ్ళయ్యాక మా స్కూల్లో చేరింది. గేటు దగ్గర సెక్యూరిటీతో అరబీ మాట్లాడేది, పఠాన్ డ్రైవరుతో హిందీ. యూకేజీ పిల్లల కోసం నాలుగు మలయాళం ముక్కలు నేర్చుకుంది. తెలుగు మాత్రం మాలాంటి ఏడెనిమిది మందితోనే, అది కూడా అచ్చంగా గోదావరి తెలుగు. ఆవిడకు పేరుంది. కానీ బస్సులో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు కాబట్టి ఇక్కడ రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

నీలం యూనిఫాం కోటు, తలకు స్కార్ఫు, ఒళ్ళో మూతకు చిల్లు పెట్టిన ఐస్‌క్రీం డబ్బా. ఆ డబ్బాలో తెల్ల దారం ఉండ, చిల్లులోంచి పైకి వచ్చిన పోగు, చేతిలో క్రోషా సూది. ఏ బిల్డింగు కింద బస్సు ఆగి పిల్లల కోసం ఎదురుచూసినా ఆ రెండు నిమిషాల్లో రెండు పువ్వులు అల్లేసేది. వాళ్ళ వైపు ఆడవాళ్ళకు లేసు అల్లిక అన్నం వండినంత మామూలు పని. ఒకసారి జానెడు అల్లాక ఎక్కడో తప్పు కనబడి, సర్రున మొత్తం లాగేసింది. నాకు ప్రాణం ఉసూరుమంది. "అయ్యో ఆంటీ, అంతా పోయింది!" అన్నాను. "పోడానికేటుంది? దారం ఇక్కడే ఉంది కదమ్మా" అని మళ్ళీ మొదలుపెట్టింది. నాకైతే హోంవర్కులో ఒక పేజీ కొట్టేస్తేనే పుస్తకం విసిరికొట్టాలనిపించేది. నా కోపం మా ఇంట్లోనే కాదు, బస్సులో కూడా అందరికీ తెలుసు.

మా నాన్న దోహాకు దూరంగా దుఖాన్‌లో ఆయిల్ కంపెనీలో చేసేవాడు. వారమంతా అక్కడే కంపెనీ క్వార్టర్స్‌లో ఉండి గురువారం సాయంత్రం మా దగ్గరికి వచ్చేవాడు, ఇక్కడ శుక్ర, శనివారాలే సెలవు. నేను పదో తరగతిలో ఉండగా ఒక మంగళవారం పొద్దున డ్యూటీకి వెళ్తూ వెళ్తూ గుండె ఆగి పోయాడు. మచిలీపట్నం తీసుకెళ్ళి సమాధి చేసి, మూడు వారాల తర్వాత అమ్మా నేనూ తిరిగి వచ్చాం.

వచ్చాక నాకు ఒక విషయం అర్థమైంది. ఆదివారం నుంచి బుధవారం దాకా నాన్న ఎప్పుడూ ఇంట్లో ఉండేవాడు కాదు. కాబట్టి ఆ నాలుగు రోజులూ నాన్న దుఖాన్‌లోనే ఉన్నాడని అనుకోవచ్చు. ఇబ్బంది అంతా గురువారంతోనే. సాయంత్రం ఐదింటికి తలుపు దగ్గర బూట్ల చప్పుడు ఉండదు. అందుకని గురువారమే రాకూడదు. అది రాకుండా ఉండాలంటే రోజులు మొదలవకూడదు. బస్సు దిగితే రోజు మొదలైపోతుంది. పదిహేనేళ్ళ పిల్ల బుర్రకు ఇది ఎంతో సబబైన లెక్కలా తోచింది. పదో తరగతి పరీక్షలు రాయనని అమ్మతో చెప్పేశాను. అమ్మ అరవలేదు, బతిమాలలేదు. డ్యూటీ బట్టలతోనే సోఫాలో కూర్చుండిపోయింది. అరిచి ఉంటే బాగుండేది.

ఒక ఆదివారం పొద్దున బస్సు స్కూల్లో ఆగాక నేను దిగలేదు. చివరి వరసలో సీట్ల మధ్య కింద పడుకుని, బ్యాగు మీదికి లాక్కున్నాను. ఇక్కడి ఎండలో తలుపులు మూసిన బస్సులో మనిషి ఉండిపోతే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసి కూడా పట్టించుకోలేదు. పిల్లల గోల తగ్గింది. అప్పుడు ముందు నుంచి ఒక చప్పుడు మొదలైంది. టప్. టప్. టప్. ఆంటీ ఒక్కో సీటునూ అరచేత్తో తడుతూ, వంగి కిందకు చూస్తూ వస్తోంది. పిల్లలందరూ దిగాక చివరి సీటు దాకా నడిచి చూడాలనేది రూలు. చూసేవాళ్ళు చూస్తారు, ముందు నిలబడి తల తిప్పి చూసి దిగిపోయేవాళ్ళూ ఉంటారు. మా ఆంటీ ప్రతి సీటూ ముట్టుకునేది. "కంటికి ఎవరూ లేనట్టే ఉంటాదమ్మా. చెయ్యెడితేనే తెలుస్తాది" అనేది.

ఆ చెయ్యి నా తల మీద పడింది.

"తాళమేసుకుని ఎల్లిపోతే ఏమయ్యేదో తెలుసా నీకు?" అని నన్ను లేపి సీట్లో కూర్చోబెట్టి, పక్కన కూర్చుంది. డ్రైవరుకు వినబడేలా "భయ్యా, ఏసీ బంద్ మత్ కరో" అంది, ఏసీ ఆపొద్దని. నాతో, "ఐదు నిమిషాలు కూకో. నేనుంటాను. తరవాత దిగాలి" అంది. సూదీ దారం తీసి అల్లుకోవడం మొదలెట్టింది. నాన్న గురించి అడగలేదు. దేవుడి సంగతి ఎత్తలేదు. ఐదు నిమిషాలయ్యాక "లెగు, బేగు తగిలించుకో" అంది.

"ఏడుపొస్తోంది ఆంటీ."

"ఏడమ్మా, వద్దన్నానా? బేగు తగిలించుకుని ఏడు."

అలాగే ఏడ్చుకుంటూ దిగాను. మర్నాడూ ఐదు నిమిషాలు. ఆ మర్నాడూ అంతే. ఆవిడ ఆ మొదటిరోజే మా క్లాస్ టీచరుకూ అమ్మకూ చెప్పేసిందని నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. నా ఐదు నిమిషాలకు స్కూలు దగ్గర పర్మిషన్ కూడా తీసుకుందట. నేనేమో అదేదో మా ఇద్దరి రహస్యమని మురిసిపోతూ ఉన్నాను.

ఇక సినిమా సంగతి. యాన్యువల్ డే కోసం స్కూల్లో ఫోనుతో చిన్న సినిమాలు తీసే పోటీ పెట్టారు. నా పక్క సీటు అఫ్రీన్, నిజామాబాద్ పిల్ల, నన్ను అడక్కుండానే నా పేరు ఇచ్చేసింది. "కథ నువ్వు రాయి, హీరోయిన్ నేను. గంతే" అంది. కథ నాకు ఒక్క పీరియడ్‌లో వచ్చేసింది. పదో తరగతి చదివే ఒక అమ్మాయి. దుమ్ముగాలి వీచిన రోజు పిడికిలి బిగిస్తే లోకంలో టైం ఆగిపోతుందని కనిపెడుతుంది. మొదట దాంతో లెక్కల హోంవర్క్ కాపీ కొడుతుంది. తర్వాత ఐదో అంతస్తు ఏసీ డబ్బా మీద ఇరుక్కున్న పిల్లిని కాపాడుతుంది, లిఫ్టులో చిక్కుకున్న చిన్నపిల్లను బయటికి తెస్తుంది. క్యాంటీన్‌లో సమోసాల వరసలో అందరికంటే ముందు నిలబడుతుంది కూడా. చివరికి ఒక బుధవారం ఆ అమ్మాయికి తెలుస్తుంది, రేపు ఇంటికి రావలసిన నాన్న ఇక రాడని. పిడికిలి బిగించి బుధవారాన్ని ఆపేస్తుంది. మళ్ళీ విప్పదు. సినిమా అయిపోయింది.

"గిదేం ఎండింగే? గట్ల ఆగిపోతదా?" అంది అఫ్రీన్.

"అవును, ఆగిపోతుంది. నీకిష్టం లేకపోతే మానెయ్" అన్నాను.

హీరోయిన్‌కు మాస్కు కావాలి. ఆంటీని అడిగితే మూడు రోజుల్లో అల్లి తెచ్చింది. నల్లగా మెరుస్తూ ఉంటుందనుకున్నాం. తెల్లటి లేసు, అంచుల్లో పువ్వులు. అఫ్రీన్ పెట్టుకుని అద్దంలో చూసుకుని గొల్లుమంది. "ఇది టీపాయ్ మీద పరిచే గుడ్డ లెక్కుందే!" ఆంటీ ఏమాత్రం తగ్గలేదు. "ఊపిరాడాలి కదమ్మా. ఆ నల్లయ్యి ఎట్టుకుంటే చెమటకి ఏ ఈరోయినైనా పడిపోద్ది" అంది.

బస్సు సీను ఒక బుధవారం పొద్దున తీశాం. చిన్నపిల్లలందరూ దిగిపోయారు. మాలో ఆరుగురం పెద్దపిల్లలం ఉండిపోయాం. ఐదుగురు తలో భంగిమలో బిగుసుకుపోవాలి. ఒకడు బాటిల్ ఎత్తి తాగుతున్నట్టు, ఒకమ్మాయి ఆవలిస్తున్నట్టు. అఫ్రీన్ కూడా వాళ్ళలో ఉంది, ఎందుకంటే ఆ ఒక్క సీను హీరోయిన్ కళ్ళతో చూస్తున్నట్టు తీయాలి. కాబట్టి చివరి సీట్లో కెమెరా పట్టుకున్న నేనే హీరోయిన్ని. లోకం మొత్తం ఆగిపోయి నా ఎదుట ఉండాలి. ఒక నిమిషం ఏకధాటిగా తీయాలి. "ఆంటీ, మీరు కూడా కదలకూడదు. టైం ఆగిపోయింది" అని రెండుసార్లు చెప్పాను. ఆవిడ ముందు సీట్లో చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చుంది.

పది సెకన్లు బాగానే ఉంది. డ్రైవరు అలవాటు కొద్దీ ఇంజను ఆపి కిందికి దిగాడు. ఇంజను ఆగడం వినబడగానే ఆంటీ లేచింది. టప్, టప్ అని సీట్లు తడుతూ బయల్దేరింది. మావాళ్ళు గట్టివాళ్ళు, కదల్లేదు. బాటిల్ ఎత్తినవాడి తల నిమిరి దాటింది. ఆవలించే అమ్మాయి నోరు మెల్లగా మూసింది. వంగి కింద చూసింది, పక్క సీటు తట్టింది. అలా మొత్తం నడవా దాటి నా దగ్గరికి వచ్చి ఆగింది.

"ఆంటీ! టైం ఆగిపోయిందని చెప్పానా లేదా!" అని కేక పెట్టాను.

"ఆగితే ఆగిందమ్మా, సీట్లు చూడొద్దా?" అంది. నిజంగా ఆశ్చర్యపోతూ అంది. ఆ తర్వాత చెయ్యి చాపి, "దా, దిగుదువు గాని" అంది.

ఆ చేతిని విసిరికొట్టాను. సీను పాడైందన్న కోపం ఒక్కటే కాదని అప్పుడే నాకు తెలుసు. "అందరూ దిగు దిగు అనేవాళ్ళే! మీకేం పోయింది?" అని అరిచాను. ఆంటీ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని కోటు జేబులో పెట్టుకుంది. ఈ పదేళ్ళలో నేను ఎన్నోసార్లు సిగ్గుపడ్డాను గానీ, ఆ చెయ్యి జేబులోకి వెళ్ళడం తలుచుకుంటే పడినంత సిగ్గు ఇంకెప్పుడూ పడలేదు.

శుక్రవారం మధ్యాహ్నం అఫ్రీన్ వాళ్ళింట్లో ఎడిటింగుకు కూర్చున్నాం. ఆ క్లిప్ తీసేయబోతుంటే అఫ్రీన్ నా చెయ్యి పట్టుకుంది. "ఆగే. మళ్ళొక్కసారి పెట్టు." పెట్టాను. "అరె, జూడు. నువ్వు టైం ఆపినవు గదా. అందరు ఆగిన్రు. గీమె ఒక్కతె ఆగుతలేదు. నా మొఖానికి మాస్కెందుకే? అసలు హీరో గీమెనే."

నవ్వబోయి నవ్వలేకపోయాను. తెర మీద బస్సంతా బొమ్మల్లా బిగుసుకుని ఉంది. కిటికీల్లోంచి పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతోంది. దాంట్లోంచి యాభై ఏళ్ళ ఒక పొట్టి మనిషి, నీలం కోటులో, ఒక మోకాలు కొంచెం ఈడుస్తూ, ఒక్క సీటూ వదలకుండా నడిచి వస్తోంది. రోజూ చూసే మనిషే. ఆ రోజు మాత్రం నాకు ఒళ్ళు జలదరించింది. లోకం ఆగిపోయినా ఈవిడ ఆగదు. పొద్దునా సాయంత్రం, పిల్లలున్నా లేకపోయినా, ఎవరూ చూడకపోయినా, చివరి సీటు దాకా వస్తుంది. నా కోసమే ప్రత్యేకంగా వచ్చింది కాదు. ఎవరున్నా వచ్చేది, ఎవరూ లేకపోయినా వచ్చేది. అంత గొప్పతనాన్ని అంత దగ్గరగా నేను ఎప్పుడూ చూడలేదు. ఆ చాపిన చెయ్యి కెమెరా మీదికి వచ్చేసరికి గుక్కపట్టి ఏడ్చాను. అఫ్రీన్ వాళ్ళమ్మ కంగారుపడి షర్బత్ తెచ్చింది.

ఆదివారం పొద్దున నా ఐదు నిమిషాల్లో ఆంటీని క్షమించమని అడిగాను. "ఎందుకమ్మా?" అంది. నిజంగా మర్చిపోయిందో, మర్చిపోయినట్టు నటించిందో. సినిమా చివర మారుస్తున్నామనీ, ఆవిడ మళ్ళీ చెయ్యి చాపాలనీ, హీరోయిన్ ఆ చెయ్యి పట్టుకుని బస్సు దిగాలనీ చెప్పాను. హీరోయిన్ చెయ్యి నాదే.

ఆంటీ సూది ఆపి నా మొహంలోకి చూసింది. "నాకు యాక్టింగు రాదమ్మా. నువ్వు నిజంగా దిగేటట్టయితే చెప్పు, చాపుతాను. ఉత్తుత్తినే చాపమంటే నా వల్ల కాదు."

"ఎప్పుడు దిగను, గురువారం?" అన్నాను. అదేదో సవాలులా అన్నాను గానీ లోపల భయం.

"నీ ఇష్టం. గురువారమైతే గురువారం" అంది.

గురువారం పొద్దున ఫోనును చివరి సీటు పైనున్న కమ్మీకి ఆంటీ తన లేసు దారంతోనే బిగించి కట్టింది. రికార్డింగు మొదలెట్టాను. ఆవిడ ముందు నుంచి సీట్లు తడుతూ వచ్చింది, చెయ్యి చాపింది, పట్టుకున్నాను. దారం పోగులు ఒరుసుకుని గట్టిపడిన వేళ్ళు. ఆ రోజు ఐదు నిమిషాలు కూర్చోలేదు. నడవాలో నడిచి, మెట్లు దిగి, క్లాసుకు వెళ్ళిపోయాను. ఫోను సంగతే మర్చిపోయాను. సాయంత్రం ఆంటీ తన సంచిలోంచి తీసి ఇచ్చింది. చేతులు కలిసేంతవరకు కత్తిరించి సినిమాకు అతికించాం. ఆ గురువారం సాయంత్రం ఐదింటికి తలుపు దగ్గర బూట్ల చప్పుడు లేదు. అమ్మా నేనూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. ఏడ్చాక అమ్మ ఉప్మా చేసింది. పరీక్షలు రాస్తానని తినేటప్పుడు చెప్పాను.

యాన్యువల్ డే రోజు తెర మీద ఆవిడ లేచి నడవడం మొదలెట్టగానే యూకేజీ వరసలన్నీ "ఆంటీ! ఆంటీ!" అని హాలు దద్దరిల్లేలా అరిచాయి. మాకు మూడో బహుమతి వచ్చింది. ఆంటీ మాత్రం హాల్లో లేదు, బస్సు దగ్గర డ్యూటీలో ఉంది. మర్నాడు ఫోనులో చూపించాను. లోకం ఆగినా తనొక్కతే నడిచే ఆ సీను కళ్ళు చికిలించి చూసి, "ఇదిగో, ఇక్కడ. కుడేపు నాలుగో సీటు. చెయ్యి తగల్లేదు చూడు" అంది కంగారుగా.

"సినిమా ఆంటీ అది."

"సినిమా అయితే మాత్రం?"

మొన్న శుక్రవారం దోహాలోనే మెసైమీర్‌లోని చర్చిలో తెలుగువాళ్ళు ఆవిడ కోసం ప్రార్థన పెట్టారు. ముందురోజు వాళ్ళు ఫోన్ చేసి, మంచి ఫోటో ఒకటి పంపమన్నారు. వెతికితే ఎక్కడా లేదు. ఉన్న ప్రతి ఫోటోలో మేమే ఉన్నాం, ఆవిడ పక్కన సగం భుజమో, వెనక కోటు అంచో. అందుకని పాత హార్డ్ డిస్క్ తీశాను. అందులో ఆ గురువారం నాటి ఫైలు దొరికింది, కత్తిరించకముందుది. చేతులు కలిసిన తర్వాత అందులో ఇంకేముందో ఈ పదేళ్ళలో నేను ఎప్పుడూ చూడలేదు.

చూశాను. చెయ్యి పట్టుకున్న ఇద్దరి వీపులు నడవాలో ముందుకు వెళ్ళాయి. నేను అంత సన్నగా ఉండేదాన్నని మర్చిపోయాను. ఇద్దరూ మెట్లు దిగిపోయారు. ఖాళీ బస్సు. కాసేపటికి ఆంటీ ఒక్కతే ఎక్కింది. "దేఖా భయ్యా? బచ్చీ ఆజ్ ఖుద్ ఉత్రీ" అంది, చూశావా అన్నా, పిల్ల ఇవాళ తనంతట తనే దిగిందని. డ్రైవరు "మాషాఅల్లా, బాజీ" అన్నాడు, దేవుడి చలవ అక్కా అని. చివరిగా దిగింది నేనేనని తెలిసి కూడా, మళ్ళీ మొదటి సీటు నుంచి తడుతూ బయల్దేరింది. చివరి వరసకు వచ్చి నా సీట్లో, కిటికీ పక్కన కూర్చుంది. నేను పట్టుకున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని, అద్దంలోంచి బయటికి చూస్తోంది.

ఆవిడ భుజం మీదుగా, అద్దానికి అవతల స్కూలు గ్రౌండ్ కనిపిస్తోంది. ఎండలో ఒక పిల్ల, వీపు మీద బ్యాగు ఎగిరెగిరి పడుతుంటే, బెల్లు అందుకోవడానికి పరిగెత్తుతోంది. ఆ రోజు నేను పరిగెత్తానని నాకు గుర్తే లేదు.